నాన్నగారి వీలునామా ఎవరి బీరువాలో ఉంది?

“చింపేసి ఉంటారక్కా, ఇంక చేసేదేముంది?” రూవీలో కూరలు కొంటుంటే కలిసిన ఒక నెల్లూరు చెల్లెలి మాట ఇది. వాళ్ళ నాన్నగారు రాసిన వీలునామా ఊళ్ళో అన్నగారి బీరువాలో ఉండేది. పెద్దాయన పోయాక అడిగితే, “ఏ వీలునామా?” అన్నారట. మస్కట్ నుంచి ఫోన్‌లో ఎంతని పోట్లాడతాం!

నేను చదివింది కెమిస్ట్రీ, లా కాదు. అయినా ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక చట్టం తీసి చదివాను. పాత ఐపీసీలో 477వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 343. మోసపు ఉద్దేశంతో వీలునామానో, ఆస్తి పత్రం, ప్రామిసరీ నోటు వంటి విలువైన పత్రాన్నో చింపినా, కాల్చినా, పాడుచేసినా యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. లేదా ఏడేళ్ళ వరకు జైలు, ఎలాగూ జరిమానా. దాచేయడం కూడా అదే నేరం. ప్రయత్నించినా అంతే. అదే జాబితాలో కొడుకును దత్తత తీసుకునేందుకు ఇచ్చే అధికారపత్రం కూడా ఉంది. 1860 నాటి మాట అది. కొత్త చట్టంలోనూ ‘కొడుకు’ అనే ఉంచారు, కూతురి ఊసే లేదు!

రాసినాయనే మనసు మార్చుకుని చింపేస్తే మాత్రం నేరం కాదు, అది రద్దు చేసుకోవడం. అందుకే కోర్టులో అవతలివాళ్ళు తరచూ “నాన్నే చింపేశారు” అంటారు.

కొత్త చట్టం వచ్చి మూడు వారాలైనా కాకముందే, జూలై 21 ఆదివారం రాత్రి, మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయం తగలబడింది. భూముల ఫైళ్ళు కాలాయి. ప్రమాదం కాదన్న అనుమానంతో డీజీపీయే వెళ్ళి చూశారు, తరువాత కేసు సీఐడీకి వెళ్ళింది. సర్కారు ఆఫీసుకే దిక్కు లేనప్పుడు అన్నగారి బీరువా ఎంత!

కానీ కాగితం పోతే వీలునామా పోయినట్టు కాదు. రాసినాయన కాకుండా ఇంకెవరో నాశనం చేసి ఉంటే, నకలుతో గానీ చిత్తుప్రతితో గానీ, అవీ లేకపోతే సాక్ష్యంతో గానీ అందులోని సంగతి కోర్టులో నిరూపించవచ్చు. భారత వారసత్వ చట్టం 237, 238 సెక్షన్లు అందుకే ఉన్నాయి. సంతకం చేసిన ఇద్దరు సాక్షులు ఎవరో, ఎక్కడున్నారో ముందు వెతకమన్నాను ఆ అమ్మాయిని. దస్తూరి రాసిన లేఖరిని కూడా.

రిజిస్టర్ చేయించి ఉంటే పని ఇంకా తేలిక. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మూడో పుస్తకంలో దాని నకలు ఉంటుంది. రాసినాయన బతికుండగా ఆయనకో, ఆయన ఏజెంటుకో తప్ప ఇవ్వరు. పోయాక ఎవరు అడిగినా ఇస్తారు. ఈసీ తీస్తే కనబడుతుందని చాలామంది అనుకుంటారు. ఈసీలో వీలునామాలు రావు, విడిగా అడగాలి.

మీ అమ్మానాన్నలు బతికే ఉన్నారా? అయితే వీలునామాను సీలు వేసిన కవర్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాచుకునే వీలుందని ఈ శుక్రవారం ఫోన్‌లో చెప్పండి. ఫోన్ స్పీకర్‌లో పెట్టొద్దని కూడా చెప్పండి.