పిట్టకు రేటు కట్టిన రోజే మన చేనుకు నష్టం మొదలు

ఈ పోస్టు కొంచెం పెద్దదే. ఓపిక పట్టి చివరిదాకా చదవండి, తర్వాత నన్ను తిట్టాలనిపిస్తే తిట్టండి.

పంట కోతలు అయిపోయి చేలు ఖాళీ అయ్యే రోజుల్లో మన ఊళ్లల్లో ఒక వ్యాపారం చడీచప్పుడు లేకుండా నడుస్తోంది. నాటు తుపాకీతో కొట్టిన కవుజులు, వల వేసి పట్టిన పూరేళ్లు, చెరువు మీద పడగొట్టిన నీటిబాతులు. ఒకప్పుడు ఎవరో ఒకరు ఇంటి కూరకు తెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు ఫోన్లో మెసేజ్ వస్తోంది, "అడవి పిట్టలు రెడీ, జత ఇంత" అని. సంచిలో వేసుకుని బైక్ మీద హైవే పక్క హోటళ్లకు చేరవేస్తున్నారు. "మన జేబులోంచి పోయేదేముందిలే" అని మనం ఊరుకుంటున్నాం. మన జేబులోంచే పోతోందని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు పేర్ల గోల ఒకటి తేల్చుకుందాం. హోటల్ బోర్డుల మీద "కౌజు పిట్ట ఫ్రై" అని చూస్తుంటాం. నిజంగా ఫారం నుంచి వచ్చేదైతే అది జపాన్ జాతి పిట్ట. 1974లో మన దేశానికి తెచ్చి, ఇజత్‌నగర్ పరిశోధన కేంద్రంలో వృద్ధి చేసి రైతులకిచ్చారు. కోడిలాగా పెంచుకోవచ్చు, ఐదారు వారాలకే అమ్మకానికి వస్తుంది. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. మన చేలగట్ల మీద తెల్లారగానే జంటగా తిరుగుతూ గట్టిగా కూసే కవుజు వేరు. అది మనం పెంచింది కాదు, తనంతట తాను బతికే పిట్ట. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్ల అడవి పిట్ట కూడా ఫారం పిట్ట ముసుగులో ప్లేటులోకి వచ్చేస్తోంది. "అడవిది అయితే రుచి ఎక్కువ" అని చెవిలో చెప్పి రేటు పెంచేవాళ్లూ ఉన్నారు.

ఇక రేటు సంగతి. ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. కొట్టినవాడికి జతకు 300 వచ్చిందనుకోండి. మధ్యలో చేతులు మార్చినవాడు 500కు హోటల్లో ఇస్తాడు. హోటల్ ఆయన మసాలా పట్టించి ప్లేట్ల లెక్కన వెయ్యి రాబట్టుకుంటాడు. మీ ఊరి రేటు వేరే ఉండొచ్చు, ఆ అంకెలే పెట్టుకుని చూడండి. ఎలా వేసినా అందులో ఒక గడి ఖాళీగానే ఉంటుంది. ఆ పిట్ట తిరిగిన చేను ఎవరిది? మనది. ఆ లెక్కలో మన వాటా ఎంత? సున్నా. పైగా గట్టు తొక్కి, కంచె తీసి, రాత్రిపూట టార్చిలైట్లతో మన మోటార్ల దగ్గర తిరుగుతున్నారు.

సున్నాతో ఆగినా బాగుండేది. కవుజు ఏం తింటుందో మనకు తెలియనిది కాదు. రాలిన గింజలు, కలుపు గింజలు, చెదలు, మిడతలు, నేల మీద పాకే పురుగులు. చెదల పుట్ట కనబడితే కాళ్లతో గీరి మరీ తింటుంది. అప్పుడప్పుడు విత్తనం కూడా ఏరుకు తింటుంది, లేదనను. కానీ ఏడాది పొడుగునా చేసే పనితో పోలిస్తే అది కూలి కింద లెక్క.

వ్యవసాయ శాఖ వాళ్లు మనకు ఏం చెబుతున్నారో గుర్తు చేసుకోండి. శనగలో, కందిలో పచ్చ పురుగు వస్తే ఎకరానికి ఎనిమిది పది పక్షి స్థావరాలు పెట్టమంటారు. టి ఆకారంలో కర్రలు పాతితే గోరింకలు, పసులపోలిగాళ్లు, పాలపిట్టలు వాలి పురుగుల్ని ఏరుకు తింటాయని. ఆ పిట్టలు కర్ర మీద కూర్చుని చేసే పనిని కవుజు నేల మీద నడుస్తూ చేస్తుంది. ఒకవైపు పిట్టలు రావాలని కర్రలు పాతుతున్నాం, ఇంకోవైపు వచ్చిన పిట్టను వందల రూపాయలకు అమ్మనిస్తున్నాం. ఆ తర్వాత పురుగు పెరిగిందని మందుల షాపుకు పోయి అప్పు రాయించుకుంటున్నాం. నైలాన్ వలకు కవుజు ఏది, గోరింక ఏది అనే తేడా కూడా లేదు. పడ్డదల్లా పోవాల్సిందే.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "మన తాతలు తినలేదా? అప్పుడు లేని నష్టం ఇప్పుడెలా వచ్చింది?" మంచి ప్రశ్నే. తాతలు తిన్నారు, కానీ అమ్మలేదు. తేడా అంతా అక్కడే ఉంది. ఇంటి కూరకు కొట్టేవాడికి నాలుగు పిట్టలు దొరికితే చాలు, ఇంటికి వెళ్లిపోతాడు. అమ్మకానికి కొట్టేవాడికి చాలు అనేది ఉండదు. ఎన్ని దొరికితే అన్ని నోట్లు. పిట్టలు తగ్గితే రేటు పెరుగుతుంది, రేటు పెరిగితే ఇంకా దూరం పోయి వెతుకుతాడు. మన పంటకు రేటు పెరిగితే వచ్చే ఏడాది ఎక్కువ ఎకరాల్లో వేస్తాం. అడవి పిట్టకు రేటు పెరిగితే దాన్ని ఎవరూ ఎక్కువ వెయ్యరు, ఉన్నదాన్ని ఖాళీ చేస్తారు. కవుజు ఒక విడతకు ఆరు నుంచి ఎనిమిది గుడ్లు పెడుతుంది, అదీ గట్టు పొదల కింద నేల మీదే. కుక్క, పాము, ముంగిస తిన్నవి పోగా మిగిలేది కొన్నే. పొదిగే రోజుల్లో జంటను కొడితే ఆ గూడు మొత్తం పోయినట్టే.

అమెరికాలో ఇది ఎంతదాకా పోయిందో చూడండి. అక్కడ పాసింజర్ పిజియన్ అనే పావురాలు వందల కోట్లలో ఉండేవి. రైళ్లు వచ్చాక వాటిని లక్షల్లో చంపి, పీపాల్లో నింపి పట్నాలకు పంపి అమ్మారు. ఇంత మందలో కొన్ని పోతే ఏమవుతుందిలే అనుకున్నారు. ఆ జాతిలో ఆఖరి పిట్ట 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో చచ్చిపోయింది. ఆ దెబ్బతో అక్కడివాళ్లకు తెలివి వచ్చింది. 1918లో వలస పక్షుల చట్టం చేశారు. ఈ రోజుకీ అక్కడ లైసెన్సు ఉన్నవాడు సీజన్లో, లెక్క ప్రకారం అడవి బాతును కొట్టుకోవచ్చు. కానీ ఆ మాంసం అమ్మడానికి వీల్లేదు. తినొచ్చు, అమ్మకూడదు. అక్కడ ఉన్న మన పిల్లల్ని అడగండి, చెబుతారు. వేటను ఒప్పుకున్న దేశం కూడా రేటును ఒప్పుకోలేదు.

మన దగ్గర ఉదాహరణ కావాలంటే నందికొట్కూరు వైపు రోళ్లపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. మనిషి నడుము ఎత్తు ఉండే పిట్ట, మిడతల్ని తింటూ గడ్డి బీళ్లలో తిరిగేది. సాధారణంగా ఒక్కటే గుడ్డు పెడుతుంది. వేట కొంత, బీళ్లు పోవడం కొంత కలిసి దాన్ని దెబ్బతీశాయి. ఇప్పుడు దేశం మొత్తం మీద నూట యాభై కూడా లేవని అంచనా, ఉన్నవాటిలో ఎక్కువ రాజస్థాన్‌లోనే. మన పిల్లలకు దాన్ని బొమ్మలో చూపించాల్సిందే. కవుజుకు ఆ గతి రాదని గ్యారంటీ ఏముంది?

"నెమళ్లు, అడవి పందులు మా పంట తింటుంటే నువ్వు పిట్టల మీద జాలి చూపిస్తావా" అనేవాళ్లు ఉన్నారు. ఆ కోపం న్యాయమైనదే. రాత్రంతా కాపలా కాసి, పొద్దున లేచేసరికి వేరుశనగ సాళ్లు తవ్వేసి ఉంటే ఎవడికైనా కడుపు మండుతుంది. నష్టపరిహారం అర్జీ పెడితే తిరిగి తిరిగి చెప్పులరిగిపోతాయి. అది మనం కలిసి కొట్లాడాల్సిన విషయం, నేనూ మీతో ఉంటాను. కానీ పందుల మీద కోపం కవుజు మీద తీర్చుకుంటే పంట మిగలదు కదా. ఆ పందుల విషయంలోనే ఒకటి గమనించండి. తెలంగాణలో పంట పాడుచేసే అడవి పందుల్ని అనుమతి ఉన్న షూటర్ల చేత కొట్టించడానికి ఒప్పుకున్నారు. కానీ ఆ మాంసం అమ్మడానికి, తినడానికి లేదు, పూడ్చిపెట్టాల్సిందే. ఎందుకు? మాంసానికి రేటు వస్తే పంట వంకతో వ్యాపారం మొదలవుతుందని. అక్కడా అదే సూత్రం.

కొనేవాళ్లకు ఒక మాట. నాటు తుపాకీలో వేసేవి చాలాసార్లు సీసపు గుండ్లు. పిట్టకు తగిలాక చిన్న చిన్న ముక్కలై మాంసంలో ఉండిపోతాయి. పెద్దది పంటికి తగిలితే తీసేస్తాం, కంటికి కనబడనిది పిల్లాడి కడుపులోకి పోతుంది. సీసం ఇంత వరకు ఒంట్లో ఉంటే ఫర్వాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చిన్నపిల్లల మెదడు మీద దెబ్బ కొడుతుంది. కొన్నిచోట్ల తుపాకీ కూడా లేదు, గుళికల మందు కలిపిన గింజలు చెరువు గట్టున చల్లుతున్నారు. అలా చచ్చిన బాతు కూడా కూరలో చూడటానికి మామూలుగానే ఉంటుంది. "అడవిది, మందుల్లేని మాంసం" అని ఎక్కువ రేటు పెట్టి మనం తినేది ఇదీ.

చట్టం సంగతి కూడా మన కుర్రాళ్లకు సరిగ్గా తెలియదు. వన్యప్రాణి చట్టం 1972 నాటిది, 2022లో మార్చారు. కవుజైనా, పూరేడైనా, నీటిబాతైనా వేట నేరమే. తుపాకీతో కొట్టడం ఒక్కటే వేట కాదు. వల వేయడం, ఉచ్చు పెట్టడం, విషం పెట్టడం, గుడ్లు తీయడం అన్నీ వేట కిందికే వస్తాయి. అమ్మడం కూడా నేరమే. మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నెమలి అయితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా. తీసుకుపోయిన బైక్ కూడా జప్తు చేస్తారు. లైసెన్సు లేని తుపాకీ ఉంటే ఆయుధాల కేసు దానికి అదనం.

జతకు 300 సంపాదించే పిల్లాడు లక్ష జరిమానా కట్టాలంటే 334 జతలు కొట్టాలి. లాయరు ఖర్చు, కోర్టు వాయిదాలు, పోయిన బైక్ వేరే. ఉద్యోగానికి పెట్టుకున్న పిల్లాడైతే పోలీసు వెరిఫికేషన్లో ఆ కేసు కనబడుతుంది. కేసు ఎవరి మీద పడుతోందో కూడా చూడండి. తరాలుగా వలల మీద, ఉచ్చుల మీద బతికిన పేద కుటుంబాలవాళ్లు, లేదంటే మన ఊరి పనిలేని కుర్రాళ్లు. ఆర్డరు ఇచ్చినవాడు, ఏసీ గదిలో కూర్చుని తిన్నవాడు దొరకరు. తక్కువ డబ్బు తీసుకున్నవాడిదే ఎక్కువ శిక్ష. ఇలాంటి వ్యాపారాన్ని మన ఊరి పిల్లలకు ఎందుకు అంటగట్టాలి?

కాపాడుకున్న ఊళ్లు లేకపోలేదు. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు కడతాయి, ఊరివాళ్లు వాటి జోలికి పోరు, పోనివ్వరు. సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు చెరువులో గూడబాతుల రెట్ట కలిసిన నీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతులు చెబుతారు. వాళ్లేమీ మనకన్నా డబ్బున్నవాళ్లు కాదు. పిట్టను అమ్మితే వచ్చేదానికన్నా ఉంచుకుంటే వచ్చేది ఎక్కువని లెక్క తెలిసినవాళ్లు.

మనం చేయగలిగింది పెద్ద కష్టమైన పనేం కాదు.

మీ చేలోకి వల, తుపాకీ రానివ్వకండి. చేను మీది, వద్దని చెప్పే హక్కు మీది. ఒక్కరు చెబితే పక్క చేలోకి పోతారు, కాబట్టి ఆ చుట్టుపక్కల రైతులంతా ఒకే మాట మీద ఉండాలి.

కొనకండి. ఇంటికి అల్లుడొచ్చాడని, బంధువు అడిగాడని తెప్పించకండి. నాటుకోడి కన్నా గొప్ప మర్యాద ఏముంది? పిట్ట మాంసమే కావాలంటే ఫారం పిట్టలున్నాయి. వల వేసే కుర్రాడికి తిట్లతో పాటు ఒక దారి కూడా చూపించండి. మన పశువైద్యుణ్ణి అడిగి చిన్నగా ఫారం పిట్టలు పెంచుకుంటే అదే హోటల్‌కు దర్జాగా అమ్ముకోవచ్చు.

గట్టు మీద పొదల్ని మొత్తం కాల్చేయకండి. రెండు గట్లయినా వదిలేయండి. కవుజు గుడ్లు పెట్టేది అక్కడే.

మందు గింజలు చల్లడం కనబడితే మాత్రం మొహమాటం వద్దు, వెంటనే అటవీ శాఖకు ఫోన్ చేయండి. ఆ చెరువులోనే మన పశువులు నీళ్లు తాగుతాయి.

మార్కెట్లో దేనికి రేటు రావాలో దానికి రావడం లేదు. మన శనగకు, మన మిర్చికి, మన పాలకు రేటు కోసం కొట్లాడదాం. రేటు లేకుండానే మన చేలో పనిచేసే పిట్టకు మాత్రం రేటు కట్టొద్దు. మీ వైపు ఎలా ఉందో, మీ ఊళ్లో ఎవరైనా ఆపగలిగారా, కింద రాయండి. నలుగురికీ పనికొస్తుంది.