అమ్మిన యిండ్లను మరల కొనుట

ఇంగ్లండులో గృహస్థుడు తన సొంతయింటిని స్థానిక కౌన్సిలునకు అమ్ముట నేడు వింత కాదు. కౌన్సిలు దానిని కొని, నిలువనీడ లేని కుటుంబమునకు తక్కువ అద్దెకిచ్చును. చూచువారికిది సామాన్యమైన క్రయవిక్రయమే. కాని అట్లు కొనబడుచున్న యిండ్లలో పెక్కింటిని ఒకప్పుడు కౌన్సిళ్లే కట్టించినవి. పిదప అవియే చౌకగా అమ్మినవి. తానమ్మిన సొత్తును తానే నిండుధర కిచ్చి కొనవలసిన యీ దుస్థితి యెట్లు వాటిల్లినదో విచారింపదగియున్నది.

మొదటి ప్రపంచయుద్ధానంతరము, 1919లో, మంత్రి ఆడిసన్ పేర ప్రసిద్ధమైన చట్టమువలన కౌన్సిళ్లు ప్రభుత్వ ధనసాహాయ్యముతో శ్రామికులకు ఇండ్లు కట్టించుట పెద్దయెత్తున ఆరంభమయ్యెను. 1980లో థాచరు ప్రభుత్వము ఆ యిండ్లలో అద్దెకున్నవారికి వానిని కొనుక్కొను హక్కు నొసగెను. మూడేండ్లు కాపురమున్న వారికి ధరలో నూటికి 33 వంతులు, చిరకాలమున్న వారికి 50 వంతులు తగ్గించిరి. 1986 నాటి చట్టము ఫ్లాటులకు ఈ తగ్గింపును 70 వంతులవరకు పెంచెను. నాటినుండి ఇంగ్లండులో సుమారు 20 లక్షల యిండ్లు ఇట్లు చేతులు మారినవి.

శ్రామికుడు ఇంటి యజమాని యగుటను మేము గర్హింపము. సొంతయిల్లు మనుష్యునకు గౌరవము, ధైర్యము. తప్పు అమ్ముటలో కంటె, అమ్మినదానికి బదులు కట్టకుండుటలో నున్నది. వచ్చిన ధనములో అధికభాగమును కొత్తయిండ్లపై వెచ్చించుటకు కౌన్సిళ్లకు చిరకాలము స్వేచ్ఛ లేకపోయెను. అమ్ముడుపోయిన యిండ్లనేకము క్రమముగా అద్దెవ్యాపారుల పాలయ్యెను. 2024 ముగియునాటికి ఇంగ్లండులో 1,27,000కు మించిన కుటుంబములు తాత్కాలిక వసతులలో కాలము గడుపుచుండెను. ఆ వసతులకు సొమ్ము చెల్లించువారు కౌన్సిళ్లే. కొన్నియెడల అద్దెకు దొరకు వసతి తాము పూర్వమమ్మిన యిల్లే!

ఈ కారణముననే కౌన్సిళ్లు కొనుగోలునకు పూనుకొన్నవి. లండను మేయరు 2021లో ఇందుకై ధనసాహాయ్య పథకమును ప్రారంభించెను. 2005నుండి అమలైన నిబంధన ప్రకారము, ఈ హక్కుచే ఇల్లు కొన్నవాడు పదేండ్లలోపల అమ్మదలచినచో, దానిని ముందుగా పూర్వపు యజమానికి బజారుధరకు చూపవలెను. అమ్మువానికి ఇందు లాభము లేకపోలేదు. దళారి రుసుము తప్పవచ్చును. కొనువాడు తన పాతయిల్లు అమ్ముడుపోవువరకు వేచియుండుమను బెడద యుండదు.

కొనుగోలువలన ఒక్క కొత్తయిల్లయినను పుట్టదని ఆక్షేపించువారున్నారు. ఆ మాట నిజమే. అయినను కట్టడమునకు ఏండ్లు పట్టును. వీధినపడిన సంసారము ఏండ్లు వేచియుండజాలదు. కావున కొనుట అవసరము; కాని అది కట్టుటకు బదులు కాజాలదు. ధరను నిష్పక్షపాతియైన మదింపుదారు నిర్ణయింపవలెను. అమ్మకము యజమాని యిష్టముపై నుండవలెను. అందు కాపురమున్నవారిని వెడలగొట్టి ఇల్లు ఖాళీగా చూపుమని కోరరాదు. అన్నిటికంటె ముఖ్యము, కొన్న యిల్లు మరల జారిపోకుండుట. ఈ హక్కును స్కాట్లండు 2016లోను, వేల్సు 2019లోను రద్దుచేసినవి. ఇంగ్లండు 2024 నవంబరులో తగ్గింపును మాత్రమే కుదించెను. చిల్లికుండలో నీరు పోయుట కంటె ముందు చిల్లి పూడ్చుట వివేకము.

ఈ పాఠము ఆంగ్లేయులకే పరిమితము కాదు. 2023 ఆగస్టులో హైదరాబాదు చెంత కోకాపేటలో సర్కారుభూమి వేలమున ఎకరము నూరుకోట్ల రూపాయలు దాటినప్పుడు, ఖజానా నిండెనని పలువురు సంతసించిరి. రేపు పేదల యిండ్లకో, పాఠశాలకో, ఆసుపత్రికో ఆ చాయలనే నేల కావలసివచ్చినచో, అది యే ధరకు దొరకును? ఆ ధర నిచ్చుకొనువారు పన్నులు కట్టు మనమే. పొలము గలవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. విత్తనపుగింజలను అమ్ముకొన్న సంసారి, తొలకరినాడు వానినే రెట్టింపువెలకు కొనుక్కొనును. ప్రజలసొత్తునకు ధర్మకర్తలైనవారు ఈ చిన్న సత్యమును మరువకుందురుగాక.