నిప్పుకు చుట్టాలు

విశాఖ ఉక్కు కర్మాగారంలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. 1990లో మొదలైనది గోదావరి, ఆ తర్వాతవి కృష్ణ, అన్నపూర్ణ. ఏళ్ల తరబడి ఆరని నిప్పును కడుపులో పెట్టుకునే వాటికి రెండు నదుల పేర్లూ, అన్నం పెట్టే తల్లి పేరూ పెట్టారు. ఎవరికి తోచిందో గానీ, ఆ మనసు నాకు నచ్చుతుంది.

నిప్పును లాటిన్‌లో ఇగ్నిస్ అంటారు. ఎక్కడో బాల్టిక్ తీరాన ఉన్న లిథువేనియాలో ఉగ్నిస్. సంస్కృతంలో అగ్ని. మూడూ ఒక్క తల్లి పిల్లలు, విభక్తి ప్రత్యయం తీసేస్తే మూడూ ఇకారాంతాలే. 'అగ్నిని' అనడానికి సంస్కృతం అగ్నిమ్ అంటే, లాటిన్ ఇగ్నెమ్ అంటుంది. లిథువేనియన్‌లో చివరి హల్లు అరిగిపోయి, ఉగ్నీ అనే దీర్ఘం మిగిలింది.

లింగం దగ్గరే దారులు వేరయ్యాయి. సంస్కృతంలో, లాటిన్‌లో నిప్పు పురుషుడు. లిథువేనియాలో స్త్రీ. 1387లో క్రైస్తవం పుచ్చుకున్నాక కూడా అక్కడి పల్లెల్లో పొయ్యిలోని నిప్పును గబియా అనే దేవతగా చూసుకున్నారు. రాత్రి ఇల్లాలు నిప్పుల మీద బూడిద కప్పి, బిడ్డను పడుకోబెట్టినట్టు మంచి మాటలు చెప్పేదట.

ఇది వింటే మన అమ్మమ్మలు గుర్తుకు రారూ? అగ్గిపెట్టె అరుదైన రోజుల్లో వాళ్లూ పొయ్యిలో నిప్పును బూడిద కప్పి దాచేవారు. ఆరిపోతే పక్కింటికి వెళ్లి పిడక మీద అడిగి తెచ్చుకునేవారు. నివురుగప్పిన నిప్పు అన్న మాట ఆ వంటిళ్లలోదే.

అగ్ని మనింటికి వచ్చిన చుట్టం. తెలుగు మూలం సంస్కృతం కాదని 1816లోనే మద్రాసులో ఎల్లిస్ అనే దొర నిరూపించాడు. మన సొంత మాట నిప్పు. దానికి మన వ్యాకరణం ఇచ్చిన చోటు చిత్రమైనది. అగ్నిదేవుడు వచ్చాడు అంటాం. కానీ నిప్పు రాజుకుంది, అమ్మ లేచింది. ఇద్దరికీ క్రియ ముగింపు ఒకటే.

ఆడవాళ్లను వస్తువులతో కలిపారని కొందరు నొచ్చుకుంటారు. ఆ నొప్పి నాకు అర్థమవుతుంది. అయినా తెల్లారకముందే లేచి పొయ్యి ముట్టించిన తల్లులను తలుచుకుంటే, నిప్పుకే వాళ్ల క్రియ దక్కిందని అనుకోవాలనిపిస్తుంది. బహువచనంలో ఎలాగూ విడిపోతారు: నిప్పులు రాలాయి, అమ్మలు వచ్చారు.