బంగారం పోయింది, పరీక్ష వచ్చింది

1902లో కావేరి మీది శివనసముద్రం నుండి విద్యుత్తు బయలుదేరి, దాదాపు 150 కిలోమీటర్లు తీగలపై సాగి, కోలారు బంగారు గనులను చేరింది. బెంగళూరు వీధులలో విద్యుద్దీపం వెలిగింది 1905లో. రాజధాని కంటే ముందే కొత్త యుగం మన గడప తొక్కినది. అయితే ఏమి? జాన్ టేలర్ అండ్ సన్స్ నడిపిన గనుల లాభాలు లండనుకు, రాయల్టీ మైసూరు ఖజానాకు తరలినవి. ఛాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్ల లోతున రాయి తొలిచిన తమిళ, తెలుగు కూలీలకు, వారిలో అధికులైన దళితులకు, మిగిలినది ఇరుకు గుడిసె, దుమ్ము పట్టిన ఊపిరితిత్తులు. 2001లో గనులు మూతపడినవి. నేడు వారి మనుమలు తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి కూలికి బెంగళూరు పోవుచున్నారు.

ఇప్పుడు యంత్రయుగం మరల మన జిల్లాకు వచ్చినది. నరసాపురలో 2013 నుండి హోండా ద్విచక్ర వాహనాలు, 2020 నుండి ఐఫోనులు తయారగుచున్నవి. ఆ 2020 డిసెంబరులోనే ఐఫోను కర్మాగారంలో జీతాల కోసం కార్మికులు తిరగబడ్డారు; చెల్లింపులలో లోపం జరిగినదని విస్ట్రాన్ సంస్థయే ఒప్పుకొన్నది. అనగా యంత్రం వచ్చినంత మాత్రాన కూలీ బ్రతుకు మారదు.

ఇక అసలు సంగతి. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గం ఆమోదించిన బిల్లు ప్రైవేటు సంస్థల నిర్వాహక పదవులలో 50 శాతం, తక్కినవాటిలో 70 శాతం స్థానికులకు కేటాయించదలచినది. నేల బిడ్డలకు నేలమీది పని దక్కవలెననుట న్యాయమే; అందులో నాకు తగవు లేదు. కానీ స్థానికుడెవరు? రాష్ట్రంలో పుట్టి, పదిహేనేండ్లు నివసించినా చాలదట. కన్నడం చదవడం, వ్రాయడం రావలెనట. కన్నడం ఒక భాషగా పదవ తరగతి పూర్తిచేయనివాడు పరీక్ష నెగ్గవలెనట!

ఎవరా పదవ తరగతి దాటనివారు? ముళబాగిలులో, శ్రీనివాసపురంలో బడి మానిపించి పొలానికి పంపిన మన పేద పిల్లలే. ఇంట తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే ఆ పిల్లవాడు స్క్రూ బిగించుటకు వ్యాకరణమేల? మన బిడ్డలు కన్నడం నేర్వవలసినదే, తప్పక నేర్వవలసినదే. నేర్పే బాధ్యత ప్రభుత్వానిది; నేర్పకుండా పరీక్ష పెట్టుట అన్యాయం.

వ్యతిరేకత రాగానే ఆ బిల్లును నిలిపివేశారు. ఆ ఆలోచన నశించినదని మాత్రం నేను నమ్మను. మీ పహణీలు, రేషన్ కార్డులు, బడి టీసీలు భద్రపరచుకొనండి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం ఈ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకొనే హక్కు మనకున్నది. తెలుగులోనే వ్రాయండి: నివాసమే స్థానికతకు కొలత కావలెనని.