కెమెరా ముందు నిబ్బరం మాత్రతో వచ్చేది కాదు

కెమెరా ముందు తడబడిన మనిషిని చూసి "ధైర్యం లేదు" అని తీర్పు చెప్పడం మనకు అలవాటైపోయింది. వైద్యుడిగా ఆ మాటను నేను అంగీకరించను. కెమెరా ఎదుట గుండె దడదడలాడటం శరీరధర్మమే గాని పిరికితనం కాదు. నిబ్బరమూ పుట్టుకతో వచ్చే వరం కాదు, అభ్యాసంతో అలవడేది. ఈ సంగతి తెలియక కొందరు చేతికందిన అవకాశాలను వదులుకుంటున్నారు. మరికొందరు వైద్యుని సలహా లేకుండానే మాత్రలు మింగుతున్నారు.

ఒకప్పుడు కెమెరా సినిమావారి వస్తువు. నేడు అది చీరాల, జాండ్రపేట నేత ఇళ్ళలోకీ వచ్చింది. కుప్పడం చీర అంచును, కొంగును ఫోనులో చూపించి దూరప్రాంతపు కొనుగోలుదారుతో నేరుగా మాట్లాడగలగడం ఆ కుటుంబపు రాబడికి సంబంధించిన విషయం. ఉద్యోగాల ఇంటర్వ్యూలు వీడియోలో జరుగుతున్నాయి. ఈ-సంజీవని ద్వారా వైద్యునితో మాట్లాడే రోగి కెమెరా బెరుకుతో అసలు బాధ చెప్పక "బాగానే ఉందండీ" అని ముగిస్తే, నష్టపోయేది ఆ రోగి ఆరోగ్యమే.

ఇంతకూ ఆ క్షణంలో ఏం జరుగుతుంది? పదిమంది మనల్ని చూసి తూకం వేస్తున్నారన్న భావనను మెదడు ప్రమాదంగానే లెక్కిస్తుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నోరు ఎండుతుంది, చేతులు వణుకుతాయి, గొంతు కండరాలు బిగుసుకొని స్వరం మారుతుంది. ఎదురుగా మనిషి ఉంటే అతని చిరునవ్వో, తల ఊపడమో మనకు ఊరటనిస్తుంది. కెమెరా కన్ను ఏ ఊరటా ఇవ్వదు. అందుకే సభలో చక్కగా మాట్లాడేవారూ దాని ముందు బిగుసుకుపోవచ్చు.

దీనికి నిదర్శనం మన గుంటూరు సీమలోనే ఉంది. చిర్రావూరులో పుట్టిన సావిత్రి చిన్ననాటి నుంచే నాటకాలు, నృత్యం ఎరిగినవారు. అయినా 1950 నాటి 'సంసారం' చిత్రంలో ప్రధాన పాత్రకు ఎంపికైనప్పుడు, ఉద్వేగం వల్ల టేకు మీద టేకు తీయవలసి రావడంతో ఆ పాత్ర చేజారింది. అదే చిత్రంలో ఒక చిన్న వేషం మాత్రమే దక్కింది. మరుసటి ఏడు 'పాతాళభైరవి'లోనూ ఒక నృత్యంతోనే సరిపెట్టుకున్నారు. 1953లో 'దేవదాసు' పార్వతి, 1957లో 'మాయాబజార్' శశిరేఖ ఆ తర్వాతి మాట. రంగస్థలం మీది ధైర్యం కెమెరా ముందుకు తనంతట తాను నడిచి రాలేదు. చిన్న వేషాలలో, పదే పదే కెమెరా ఎదుట నిలబడటంతో వచ్చింది.

మనల్ని మరింత కలవరపెట్టే భ్రమలు రెండున్నాయి. రికార్డు చేసిన మన గొంతు మనకే వింతగా వినిపిస్తుంది. మాట్లాడేటప్పుడు మన స్వరం గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారానూ మన చెవికి చేరుతుంది, రికార్డులో ఆ రెండవ దారి ఉండదు. ఇతరులు నిత్యం వినే మీ గొంతు అదే, దానిని అసహ్యించుకోకండి. ఇక, మన కంగారు అందరికీ కనిపిస్తోందన్నది రెండవ భ్రమ. లోపలి దడ బయటికి మనం ఊహించినంతగా తెలియదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు సావిట్‌స్కీ, గిలోవిచ్ 2003లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ ఒక్క సంగతి ముందుగా చెప్పించుకున్న వక్తలు మెరుగ్గా మాట్లాడారు.

ఆచరణకు వద్దాం. మాట్లాడబోయే ముందు నాలుగు అంకెలు లెక్కించేంత సేపు శ్వాస పీల్చి, ఆరు అంకెలంత సేపు నెమ్మదిగా వదలండి. ఇలా ఐదారుసార్లు చేస్తే గుండె వేగం కొంత తగ్గుతుంది. ఆ ముందు గంటలో కాఫీ మానండి. తెరపై కనిపించే మీ బొమ్మను చిన్న కాగితంతో కప్పి, లెన్సు వెనుక మీకు తెలిసిన ఒక్క మనిషిని ఊహించుకొని చెప్పండి. మొత్తం కంఠస్థం చేయకండి, మొదటి వాక్యం, చెప్పవలసిన మూడు అంశాలు గుర్తుంటే చాలు. రోజుకు రెండు నిమిషాలు రికార్డు చేసి చూసుకోండి. మగ్గం గుంటలో తొలిసారి దిగినవారికి పోగులు తెగకుండా నేత వచ్చిందా? ఇదీ అంతే.

మాత్రల విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. వణుకు తగ్గుతుందని ఎవరో చెప్పగా ప్రొప్రనలాల్ కొని వేసుకోకండి. ఉబ్బసం ఉన్నవారికి అది ప్రాణాంతకం కావచ్చు. గుండె వేగం, రక్తపోటు ఇప్పటికే తక్కువగా ఉన్నవారికీ ప్రమాదమే. ఇన్సులిన్ తీసుకునే మధుమేహ రోగులలో చక్కెర పడిపోతున్నప్పుడు కనిపించే దడ, వణుకు వంటి హెచ్చరికలను కప్పిపెడుతుంది. మద్యం సంగతి చెప్పనక్కరలేదు. కెమెరా లేని వేళల్లోనూ దడ, వణుకు, బరువు తగ్గడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. మనుషుల ఎదుటికి రావడానికే నెలల తరబడి భయపడి చదువు, పని మానుకుంటున్నవారు మానసిక వైద్యుని కలవాలి. దానికి మంచి చికిత్స ఉంది.

మీ ఇంట్లో ఎవరైనా ఫోను ముందు తడబడితే "భయపడకు" అని హితవు చెప్పకండి, నవ్వకండి. ఫోను వెనుక మీరు నిలబడి, శ్రద్ధగా వినండి. వారికి ఆ వేళ కావలసినది తమ మాట వినే ఒక్క తెలిసిన ముఖం.