నివురు గప్పే దాకా ఆగండి!

మే నెల సాయంత్రం. ఆరు దాటినా మైదుకూరులో గాలి చల్లబడదు. పగలంతా కాగిన నేల సెగ వదులుతూనే ఉంటుంది. ఊరి బయట మామిడి తోటలో బంధువులంతా చేరారు. డల్లాస్ నుంచి సెలవులకొచ్చిన మనవడు 'ఈ పూట వంట నాది, ఎవరూ వేలు పెట్టొద్దు' అని ముందే ప్రకటించేశాడు. బోరు పక్కన ఇటుకలు పేర్చాడు, పైన ఇనప జాలీ పరిచాడు, కింద బొగ్గులు పోశాడు. ఎంతకీ అంటుకోవడం లేదని ట్రాక్టరు కోసం తెచ్చిన క్యాన్‌లోంచి కాస్త డీజిలు చిలకరించాడు. భగ్గుమంది! ఇంకేం, మసాలా పట్టించిన కోడి ముక్కలు ఆ మంట మీదే వరసగా పేర్చాడు.

పది నిమిషాల్లో ముక్కలు బొగ్గులకు పోటీ వచ్చాయి. మాడిన కారం ఘాటుకు తోటంతా దగ్గులే దగ్గులు. ఆకలేసిన పిల్లలు ప్లేట్లు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. ఒక ముక్క విరిచి చూస్తే... పైన మసి, ఎముక దగ్గర పచ్చి నెత్తురు. వాసన చూస్తే డీజిలు!

నులక మంచం మీద కూర్చున్న జేజి అప్పటిదాకా ఊరుకుంది. ఇక ఉండలేకపోయింది.

"మంట తగ్గనీ అబ్బీ! అగ్గి నివురు గప్పినాక పెడితే కాల్తాది. ఇప్పుడు పెడితే మాడ్తాది, అంతే!"

కాల్చడానికీ మాడ్చడానికీ తేడా ఆ ఒక్క మాటలోనే ఉంది. లోలోపల రగిలే కోపానికీ, పైకి కనపడని పగకీ 'నివురు గప్పిన నిప్పు' అనేస్తుంటాం. వంట చేసేవాళ్లకు మాత్రం అది పోలిక కాదు, కొలత. ఎర్రగా రగిలిన బొగ్గు మీద తెల్లటి బూడిద పొర పలచగా పరుచుకుందంటే మంటా పొగా అయిపోయాయని, ఇక మిగిలింది నికరమైన సెగేనని అర్థం. బొగ్గు అంటించిన దగ్గర్నుంచి ఆ స్థితికి రావడానికి దాదాపు అరగంట పడుతుంది. వేసవి విందుల్లో సగం ముక్కలు పాడయ్యేది ఈ అరగంట ఆగలేకే.

అంటించడానికి డీజిలు, పెట్రోలు అక్కర్లేదు. వాసన సంగతి అటుంచితే, అవి అంటించేవాళ్ల చేతులూ మొహమూ కాల్చేస్తాయి. ఎండు కొబ్బరి పీచు, గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కంకులు, రెండు కర్పూరం బిళ్లలు చాలు. నివురు పట్టాక బొగ్గులన్నీ జాలీ కింద సమంగా పరిచేయొద్దు. ఓ పక్క గుట్టగా, రెండో పక్క పలచగా ఉంచండి. గుట్ట ఉన్న వైపు ముక్కకు రంగొస్తుంది. పలచటి వైపు నిదానంగా లోపలిదాకా ఉడుకుతుంది. సెగ ఎంతుందో తెలియాలంటే జాలీకి జానెడు ఎత్తున అరచెయ్యి పెట్టి అంకెలు లెక్కపెట్టండి. రెండు మూడు అనేలోపే చెయ్యి లాగేసుకుంటే సెగ ఎక్కువున్నట్టు. అయిదారు దాకా ఓర్చుకోగలిగితే మధ్యస్తం. ఎముకతో ఉన్న కోడి ముక్కలకు ఈ మధ్యస్తమే మేలు.

ఇంతకీ ఏ బొగ్గు? 'కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి' అనడంలోనే మనవాళ్లు ఓ జవాబు దాచిపెట్టారు. చింత కట్టె నిప్పు గట్టిది, ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే ఇప్పుడు సీమలో ఎక్కువగా దొరికేది సర్కారు తుమ్మ బొగ్గు. చెరువు గర్భాల్లో, బీళ్లలో అల్లుకుపోయి రైతు చేత తిట్లు తినే కంప చెట్టే అది. దాని కథకూ ఈ జిల్లాకూ చుట్టరికం ఉంది. మద్రాసు రాష్ట్రంలోని మెట్ట జిల్లాల్లో నాటడానికి ఈ విత్తనాలు తెప్పించాలని 1876లో అటవీ అధికారి బెడ్డోమ్ రాశాడు. ఆ తర్వాత మొదట్లోనే వాటిని నాటిన చోట్లలో కడప జిల్లా కమలాపురం ఒకటి. వంటచెరకు కోసం తెచ్చిన చెట్టు ఊళ్లకు ఊళ్లే ఆక్రమించింది! అసలు తమాషా ఏమిటంటే, అమెరికాలో, అందులోనూ టెక్సాస్‌లో, మాంసం కాల్చడానికి జనం ఏరి కోరి కొనే 'మెస్కీట్' కట్టె దీనికి దగ్గరి బంధువే. డల్లాస్ కుర్రాడు అక్కడ డాలర్లు పోసి సంచుల్లో కొనుక్కునే బొగ్గుకు వరసయ్యేది, ఇక్కడ వాళ్ల నాన్న పొక్లెయిన్ పెట్టి పీకిస్తున్న కంపే అన్నమాట.

రంగు వేసిన పాత తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు మాత్రం పొయ్యిలో పెట్టొద్దు. వాటి పొగ మంచిది కాదు. చువ్వలు తక్కువయ్యాయని తోటలోంచి ఏవో పుల్లలు విరిచి గుచ్చడమూ వద్దు. గన్నేరైతే ఆకు నుంచి వేరు దాకా విషమే.

ఇనప చువ్వకు గుచ్చి కాల్చడం సీమకు కొత్తేమీ కాదు. పొద్దుగూకాక ఇక్కడి టౌన్లలో చీకుల బండి దగ్గర ఓసారి నిలబడి చూడండి. చీకు అన్నా సీకు అన్నా ఒకటే. పారసీకంలో చువ్వని 'సీఖ్' అంటారు, అక్కణ్నుంచి వచ్చిన మాట. అంతకు చాలా ముందే సంస్కృతంలో శూలానికి గుచ్చి కాల్చిన మాంసాన్ని 'శూల్యం' అన్నారు, అమరకోశంలో ఆ పదం ఉంది. పేరు మారింది కానీ పని మారలేదు. బండి మీద పొడవాటి రేకు తొట్టి, అందులో నిప్పులు, పైన చువ్వలు. బండివాడి చేతిలో విసనకర్ర ఉంటుంది చూశారూ... దాంతో అతను మంట పుట్టించడు. బూడిద ఎగిరిపోయి నిప్పు కాస్త ఎర్రబడేలా మాత్రమే విసురుతాడు. చిన్న మంట లేచిందో, చువ్వను పక్కకు జరుపుతాడు. ముక్కలన్నీ ఒకే సైజు. ఒకటి బొటనవేలంత, ఇంకోటి గుప్పెడంత ఉంటే చిన్నది ఎండిపోయే వేళకు పెద్దది ఇంకా పచ్చిగానే ఉంటుందని అతనికి తెలుసు.

ఆ మంట ఎందుకు లేస్తుందంటారా? కొవ్వు కరిగి నిప్పుల మీద పడుతుంది కాబట్టి. అప్పుడు వచ్చే నల్లటి పొగే ముక్కకు పట్టుకుంటుంది. అలా పట్టే మసిలోనూ, మాంసం మాడిన చోటా క్యాన్సర్ కారకాలు ఉంటాయని వైద్యులు చెబుతున్నారు. నెలకోసారి తినేదానికి బెంబేలెత్తాల్సిన పనిలేదు. మాడిన భాగం మాత్రం గీకి పారేయండి. మంట లేచినప్పుడు చెంబుడు నీళ్లు గుమ్మరించొద్దు. బూడిదంతా ముక్కల మీదే పడుతుంది. ముక్కను జరిపితే చాలు, మంట దానంతటదే తగ్గుతుంది.

మసాలా దగ్గరా సీమ చెయ్యి కాస్త అదుపులో ఉండాలి. కారప్పొడి నిప్పు మీద ఇట్టే మాడి చేదెక్కుతుంది. ముందు ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి, పెరుగు పట్టించి కాల్చండి. కొరివికారం మీద మనసైతే, దించడానికి రెండు నిమిషాల ముందు నూనెలో కలిపి పూయండి. ఘాటుకు ఘాటూ ఉంటుంది, దగ్గులూ ఉండవు. ముదురు పొట్టేలు మాంసమైతే కిలోకు ఓ చెంచా పచ్చి బొప్పాయి ముద్ద కలిపితే మెత్తబడుతుంది. గంటకు మించి ఉంచితే మాత్రం ముక్క పిండి పిండి అయిపోతుంది.

అసలు చిక్కు ఎండతో. పొద్దున తెచ్చిన మాంసాన్ని మసాలా పట్టించి సాయంత్రం దాకా చెట్టు కింద గిన్నెలో ఉంచేసేవాళ్లున్నారు. వాతావరణం 32 డిగ్రీలు దాటితే మాంసం, పచ్చిదైనా వండిందైనా, గంటకు మించి బయట ఉండకూడదన్నది ఆహార భద్రత నిపుణుల లెక్క. మరి నలభై దాటే మైదుకూరులో? ఐసు పెట్టెలో ఉంచి, నివురు గప్పాకే బయటికి తీయడం ఒక్కటే మార్గం. కోడి ముక్క లోపల 74 డిగ్రీల వేడి తగలాలి. చిన్న థర్మామీటరు కొనుక్కుంటే దిగులుండదు. అది లేనప్పుడు ఎముక దగ్గర కోసి చూడండి. నీరు తేటగా రాకపోతే మళ్లీ పలచటి సెగ మీదికి జరపండి. పచ్చి ముక్కలు పెట్టిన పళ్లెంలోనే కాల్చినవీ పెట్టేస్తే అంతసేపు పడ్డ పాట్లు వృథా. మర్నాడు ఇంటిల్లిపాదీ ఆస్పత్రి బాట పట్టేది చాలాసార్లు ఆ పళ్లెం వల్లే.

ఫ్రిజ్‌లు లేని రోజుల్లో ఇదే ఎండను పనికి పెట్టుకున్నారు జేజిలు. మాంసాన్ని పొడవాటి పేలికల్లా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండేనికి వేసి ఎండబెడితే ఉప్పుకండ. అది గట్టిపడ్డాక ఎప్పుడు కావాలంటే అప్పుడు రెండు ముక్కలు నిప్పుల మీద కాల్చి, రోకలితో నలగ్గొట్టి, వేడి వేడి రాగి సంగటిలోకి... చదువుతుంటేనే నోరూరడం లేదూ!

మాంసం ముట్టనివాళ్లు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మైదుకూరు చుట్టుపక్కల పండే కృష్ణాపురం ఉల్లి తెలుసుగా? ఘాటెక్కువని మనవాళ్లు పెద్దగా కొనరు, పంటంతా మలేసియా, సింగపూర్ వైపు వెళ్లిపోతుంది. 2020లో ఉల్లి ఎగుమతిని కేంద్రం నిషేధించినప్పుడు కూడా ఈ రకానికి 10 వేల టన్నుల మేర చెన్నై రేవు నుంచి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. అంతటి ఘాటు ఉల్లిని పొట్టుతో సహా నివురులో పూడ్చి ఇరవై నిమిషాలు వదిలేయండి. తీశాక తియ్యగా ఉంటుంది! వంకాయను మాత్రం నాలుగు చోట్ల గుచ్చి పెట్టండి. లేకపోతే లోపలి ఆవిరికి ఢామ్మని పగులుతుంది.

పగలడం అంటే గుర్తొచ్చింది. హైదరాబాద్‌లో రాతి మీద కాల్చే 'పత్తర్ కా గోష్త్' తిన్నవాళ్లు, మనకు బండలకేం కొదవ అని ఇంట్లో మిగిలిన కడప బండను పొయ్యి మీదికెక్కిస్తుంటారు. ఆ పొరపాటు చేయొద్దు. హైదరాబాదీలు వాడేది గ్రానైటు. మన బండ పొరలు పొరలుగా ఏర్పడిన సున్నపురాయి. పొరల మధ్య చేరిన తేమ ఆవిరైతే పెచ్చులు లేచి మొహాన పడొచ్చు.

ఇక చివరి మాట నిప్పు గురించే. మైదుకూరుకు తూర్పున లంకమల అడవి. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనపడింది ఆ చిట్టడవుల్లోనే. వేసవిలో అక్కడి గడ్డి అగ్గిపుల్ల కోసం ఎదురుచూస్తున్నట్టే ఉంటుంది. అడవి అంచున పొయ్యి పెట్టే ఆలోచనే వద్దు. తోటలోనైనా గడ్డివామికి దూరంగా, గాలివాటం చూసుకుని పెట్టుకోవాలి. కాల్చడానికి మనకు మేలు చేసిన నివురే, ఇంటికి బయల్దేరే వేళకు మోసం చేస్తుంది. పైకి చల్లారినట్టు కనిపిస్తూ లోపల రాత్రంతా రగులుతుంది. అర్ధరాత్రి గాలి లేస్తే చాలు, ఓ రవ్వ ఎగిరి వామిలో పడటానికి.

అందుకే తోటలో ఆ రాత్రి అందరూ తిని చేతులు కడుక్కున్నా జేజి మంచం దిగలేదు. రెండో విడత ముక్కలు ఆమె చెప్పినట్టే నివురు మీద కాలాయి, పిల్లలు మళ్లీ మళ్లీ అడిగి వేయించుకున్నారు. మనవడు కారు తాళాలు తీస్తుంటే పిలిచింది.

"యాడికి అబ్బీ? రెండు బిందెలు నీళ్లు పొయ్యి. కట్టెతో కలబెట్టు. మళ్లా పొయ్యి."

"ఆరిపోయింది కదా జేజీ?"

"చెయ్యి పెట్టి చూడు!"

పెట్టబోయి, సెగ తగిలి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. మారు మాట్లాడకుండా బిందె తీసుకుని బోరు వైపు నడిచాడు. తెల్లారాక ఆ బూడిదతోనే ఇనప జాలీ తోమించింది, అదీ అతని చేతే!