నెపం మెట్ల మీద పెట్టొద్దండి

పోయిన నెల మన కుటుంబం గ్రూపులో చిన్నాయన రెండు మెసేజులు పెట్టినాడు. మొదటిది జయనగర్ ఇంటి గురించి. అంతా మెట్ల ఇల్లు, అవ్వకు కాదు, ఎవరికీ కాదు, బిల్డరుకు ఇచ్చేద్దాము అని. నాలుగు రోజుల తర్వాత రెండోది వచ్చింది. సర్జాపుర దాటినాక ఎవరో కడతా ఉన్న విల్లాల బ్రోషరు. దాని మీద బంగారు రంగులో "ఎలిగెంట్ స్ప్లిట్ లెవెల్ హోమ్" అని ఉంది. హాలు ఒక ఎత్తులో, వంటిల్లు కొంచెం కింద, పడకగదులు కొంచెం పైన. కింద చిన్నాయన "సూపర్‌గా ఉంది కదా" అని రాసినాడు.

చిన్నాయనా, అది మన ఇల్లే కదా! తాత కట్టిస్తే మెట్ల ఇల్లు, కోట్లు పోసి కొంటే స్ప్లిట్ లెవెలా? గ్రూపులో జవాబు రాస్తే గుడ్ మార్నింగ్ బొమ్మల కింద పడి పోతుంది, అందుకని ఇక్కడ రాస్తా ఉన్నాను. నేను కన్నడ మీడియంలో చదివినదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే సర్దుకోండి. విషయంలో మాత్రం సర్దుకోవద్దు.

ఆ ఇల్లు అట్ల ఎందుకుందో ముందు చెప్పాలి, ఎందుకంటే మనలో సగం మంది అది తాత సోకు అనుకుంటా ఉన్నారు. బెంగళూరు చదును ఊరు కాదు. లాల్‌బాగ్ బండ ఎక్కి చూస్తే తెలుస్తుంది. దాదాపు 300 కోట్ల ఏళ్ళ నాటి రాయి అది. దాని చుట్టూ అంతా మిట్టలు, పల్లాలు, పల్లాల్లో చెరువులు. ఆ పక్కనే 1948లో జయనగర్‌కు పునాదిరాయి పడింది. ఇప్పటి బి.డి.ఎ.కి ముందు ఉండిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ బోర్డు వీధులు గీసి సైట్లు పంచింది. మన సైటు 40కి 60. కాగితం మీద అది చక్కటి పెట్టె లాగా ఉంటుంది, పల్లం కనపడదు. నేల మీద మాత్రం రోడ్డు నుంచి వెనక గోడకు పోయేసరికి మూడడుగుల పైనే దిగిపోతుంది.

మట్టి తోలించి చదును చేసేదానికి తాత దగ్గర డబ్బు లేదు. మేస్త్రి కూడా వద్దన్నాడట. పోసిన మట్టి మీద ఇంటిని నిలబెట్టేదానికంటే ఉన్న నేల మీద కూర్చోబెట్టేది మేలు అన్నాడని అవ్వ ఇప్పటికీ చెప్తుంది. అట్ల హాలు రోడ్డు ఎత్తుకు వచ్చింది. ఆరు మెట్లు దిగితే వంటిల్లు, దాని వెనక పెరడు. హాల్లోంచి పన్నెండు మెట్లు ఎక్కితే వంటింటి నెత్తిన పడకగదులు. నేను టేపు పెట్టి కొలిచినాను. మెట్టు ఆరున్నర అంగుళాలు. వంటింటి నేల నుంచి పడకగది నేలకు 18 మెట్లు, అంటే 9 అడుగుల 9 అంగుళాలు. హాలు ఆ రెంటి నడుమ ఉంటుంది. అడ్డంగా గోడ లేదు, ఒట్టి కమ్మీలే. మెట్లకు సాదరహళ్ళి రాయి, వంటింటి అలమర్లకు కడప బండలు. పునాదికి రాళ్ళు కొట్టినవాళ్ళు తెలుగు మాట్లాడే వడ్డెరవాళ్ళు. ముందర జగలి ఉంది. ఆంధ్ర నుంచి వచ్చే చుట్టాలు దాన్ని అరుగు అంటారు.

పెరటి మూలన నీళ్ళు పోయే తూము ఉంది. ఎంత వాన వచ్చినా నీళ్ళు ఇంట్లోకి రాకుండా అట్లనే వెనక్కి పోతాయి. 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు పక్కన విల్లాల్లోకి నీళ్ళు దూరితే జనాలను ట్రాక్టర్ల మీద తీసుకుపోయింది అందరమూ టీవీలో చూసినాము. బ్రోషరు వచ్చింది ఆ దిక్కు నుంచే. చదును నేల మీద లెవెల్ మార్చడం వాళ్ళకు అందం కోసం. మనకు అది అవసరం.

ఇంక మెట్ల మాట. మెట్లు కష్టం కాదని నేను అనను. అవ్వ యాభై ఏళ్ళు అన్నం గిన్నె, పులుసు తపేలా ఎత్తుకుని ఆ ఆరు మెట్లు ఎక్కింది. మగవాళ్ళు హాల్లో కూర్చుని తిన్నారు. నీళ్ళ చెంబు మరిచిపోతే మళ్ళీ దిగింది, మళ్ళీ ఎక్కింది. ఈ బ్లాగులో ఇంటి ఫోటో పెట్టినప్పుడల్లా "తాత కట్టించిన ఇల్లు" అని రాసుకున్నాము. దాంట్లో మోసిందెవరో ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు అవ్వ మోకాళ్ళు పోయినాయని అందరికీ ఒక్కసారిగా జాలి వచ్చింది. ఆ మోకాళ్ళు మెట్ల వల్ల అరిగినాయా, మనం కిందికి దిగి తినకపోయినందుకు అరిగినాయా?

మెట్లు కష్టమైతే దానికి మందుంది. ఎదుటివాళ్ళు "అంతా సరిగ్గా ఉంది" అన్నదాంట్లో తప్పులు వెతికేదే నా ఉద్యోగం, కాబట్టి లెక్క వేసి చూసినాను. చక్రాల కుర్చీ పోయే వాలుకు, ఒక అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడుగు ఉండాలని మన దేశపు బిల్డింగ్ కోడ్ లెక్క. ఆరు మెట్లంటే 39 అంగుళాలు. అంటే 39 అడుగుల వాలు కావాలి, నడుమ ఒకచోట ఆగేదానికి కొంచెం చదును. జగలి పక్కనుంచి పెరటి తలుపు దాకా సందు అంతకంటే పొడుగే ఉంది. ఇప్పుడు దాంట్లో పాత సైకిళ్ళు, పగిలిన సింటెక్స్ ట్యాంకు ఉన్నాయి. హాలు పక్కన తాత ఆఫీసు గది ఖాళీగా పడి ఉంది. దానికి ఒక బచ్చలు తగిలిస్తే (మా ఇంట్లో బచ్చలంటే స్నానాలగది, కూర కాదు) అవ్వ మెట్టు ఎక్కకుండా, దిగకుండా ఉండొచ్చు. ఇప్పుడు అవ్వ హాల్లో దివాను మీద పడుకుంటా ఉంది. ఆ గది ఖాళీ చేద్దామని మూడేళ్ళుగా అంటా ఉన్నాము. మా నాన్న కూడా అంటా ఉన్నాడు, అన్నంత మాత్రమే.

నాకు ఈ ఇంటితో ఇంకో లెక్క ఉంది. నాకు తెలుగు వచ్చింది ఆ ఆరు మెట్ల వల్లనే. బడిలో కన్నడ, వీధిలో కన్నడ, హాలుకు ఎవరొచ్చినా కన్నడ. నేను హాల్లో కూర్చుని హోంవర్కు రాస్తా ఉంటే కింద వంటింట్లోంచి అవ్వ, అమ్మ, అత్తలు మాట్లాడుకునే తెలుగు కమ్మీల సందులోంచి పైకి వచ్చేది. "వచ్చి ఉప్పు చూసిపో మే" అని అవ్వ కేక వేస్తే వినపడలేదని చెప్పేదానికి లేదు. ఎవరూ నేర్పలేదు, ఎవరూ పుస్తకం పెట్టలేదు. వంటింటికి తలుపేసి ఉంటే నాకు ఈ భాష వచ్చి ఉండేది కాదు. దీనికి ఇంకో పక్క కూడా ఉంది. అమ్మ అంటుంది, కోడలిగా వచ్చినాక పదేళ్ళు నిట్టూర్పు విడిచినా హాల్లో వినపడేదని. నిజమే. పై గదులకు గట్టి తలుపులు పెట్టుకుందాము. దానికి ఇల్లు కూలగొట్టక్కరలేదు.

అసలు విషయం డబ్బు. 2017లో సౌత్ ఎండ్ సర్కిల్‌కు మెట్రో వచ్చినాక ఆ సైటును చూసే కళ్ళు మారినాయి. మన ఇంట్లో కొంతమందికి డబ్బు అవసరం ఉంది, పేర్లు రాయను, తప్పని కూడా అనను. అవసరం ఉందని చెప్పండి, కూర్చుని మాట్లాడదాము. అవ్వ మోకాళ్ళ వెనక దాక్కోవద్దు.

బిల్డరు ఇచ్చిన కాగితం నేను మొత్తం చదివినాను. కింద స్టిల్ట్ పార్కింగు, పైన నాలుగు ఫ్లోర్లు. రెండు వాళ్ళకు, రెండు మనకు. మన రెండు ఎవరికి? ఇద్దరు కొడుకులకు చెరొకటి. మా నాన్నకూ ఒకటి, అంటే రేపు నాకు. నాకు నష్టమయ్యే మాటే చెప్తా ఉన్నానని గుర్తు పెట్టుకోండి. తాత సొంతంగా సంపాదించిన సైటు, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం అవ్వకు, ఇద్దరు కొడుకులకు, ఇద్దరు కూతుళ్ళకు సమానంగా అయిదు భాగాలు. అత్తలకు ఏమిస్తారని అడిగితే "వాళ్ళు సంతకం పెట్టేస్తామన్నారు" అని జవాబు. పెద్దత్తకు ఫోను చేసినాను. "నన్ను ఎప్పుడు రావాలో చెప్పినారు, ఏం కావాలో అడగలేదు" అంది.

మరి అవ్వకు? ఆ ప్లానులో అవ్వకని ఒక గది లేదు. కొన్నాళ్ళు ఈ ఫ్లోరులో, కొన్నాళ్ళు ఆ ఫ్లోరులో ఉంటుందట. అవ్వ కోసమని మొదలుపెట్టిన ప్లాను, అయిదో వంతు అవ్వదే అయిన సైటు. ఇంటిని కూలగొట్టినాక రెండేళ్ళు అవ్వ ఎక్కడుంటుందో కూడా దాంట్లో రాయలేదు. ఆఫీసులో ఇట్లాంటిది నా దగ్గరికి వస్తే టెస్ట్ కూడా మొదలుపెట్టను, వెనక్కి పంపిస్తాను.

వచ్చే ఆదివారం అందరూ వస్తా ఉన్నారు. బిల్డరు మనిషి పదకొండింటికి వస్తాడట. నేను పదింటికే టేపు, చీపురు తీసుకుని వస్తాను. సందులో సైకిళ్ళు, ట్యాంకు తీసేదానికి ఇద్దరు కావాలి, తమ్ముళ్ళు రండి. అత్తలిద్దరూ వస్తామన్నారు. బిల్డరు రాకముందే, అందరి ముందర అవ్వను అడుగుదాము. ఆ రోజు వడ్డించేది వంటింట్లోనే. హాల్లోకి ఎవరూ మోసుకురారు, కిందికి దిగి రండి.